హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు పదిహేడు గంటలా, పన్నెండున్నరా, ఇరవై మూడా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అమ్మగారికి 62 ఏళ్లు, షుగరుంది, మోకాళ్ల నొప్పి. మొదటిసారి ఒక్కరే హైదరాబాద్ నుంచి డల్లాస్ వస్తున్నారు. దూరాలు చూపే సైటులో 14,400 కి.మీ., 17 గంటలు అని ఉంది. టికెట్ చూస్తే మంగళవారం తెల్లవారుజామున 4 గంటలకు శంషాబాద్‌లో ఎక్కి, దోహాలో మారి, అదే మంగళవారం సాయంత్రం 4:30కి డల్లాస్‌లో దిగుతున్నట్టుంది. అంటే పన్నెండున్నర గంటలే. బుకింగ్ యాప్ మాత్రం 23 గంటలంటోంది. ఏది నమ్మాలి?

మూడూ సరైనవే, కాకపోతే ఒక్కొక్కటీ ఒక్కో ప్రశ్నకు జవాబు. అమ్మగారి ఒంటికి తెలిసేది మాత్రం ఈ మూడూ కాదు, నాలుగోది: ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మానికి దాదాపు 30 గంటలు. ఏర్పాట్లన్నీ ఆ అంకె మీద చేసుకోండి. అది ఎలా వచ్చిందో ఒక్కొక్కటిగా చెప్తాను.

ముందు దూరం. శంషాబాద్ విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరుంది. డల్లాస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం 32.90 ఉత్తరం, 97.04 పశ్చిమం. గోళం మీద ఈ రెండిటి మధ్య అతి దగ్గర దారి సుమారు 14,420 కి.మీ., మైళ్లలో 8,960. భూమ్మీద ఏ రెండు ఊళ్లు తీసుకున్నా ఎడం 20,000 కి.మీ.కి పెద్దగా మించదు. ఆ లెక్కన డల్లాస్ మనకు భూగోళానికి దాదాపు అవతలి వైపున్నట్టే. రేఖాంశాల తేడా 175 డిగ్రీలు దాటింది. ఇంకో నాలుగున్నర డిగ్రీలుంటే సరిగ్గా ఎదురుబొదురు.

ఆ అతి దగ్గర దారి ఎటు పోతుందో గోడ మీది పటం చూస్తే అర్థం కాదు. పటంలో స్కేలు పెట్టి గీస్తే అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. ఒక బత్తాయి తీసుకోండి, నల్గొండదైతే మరీ మంచిది, గుండ్రంగా ఉంటుంది. తొడిమను ఉత్తర ధ్రువం అనుకోండి. మధ్యగీతకు కాస్త పైన ఒక గుండుసూది గుచ్చండి, అది హైదరాబాద్. సరిగ్గా అవతలి వైపు ఇంకొంచెం పైన రెండోది గుచ్చండి, అది డల్లాస్. రెండిటికీ దారం కట్టి బిగించి లాగితే, దారం పక్కగా చుట్టుకోదు, పైకి జారి తొడిమ పక్కనుంచి పోతుంది. లెక్క కూడా అదే చెప్తుంది: ఈ దారి 85 డిగ్రీల అక్షాంశం దాటి, ఉత్తర ధ్రువానికి 500 కి.మీ. పైచిలుకు దూరంలో సాగుతుంది. విమానంలో ఎదురు సీటు వెనక తెరలో బొమ్మ విమానం గ్రీన్‌లాండ్ వైపు పోతుంటే దారి తప్పిందేమోనని కంగారు పడేవాళ్లుంటారు. అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి.

ఇక 17 గంటల సంగతి. 14,420ని గంటకు 850 కి.మీ. చొప్పున భాగిస్తే 16.96 వస్తుంది. సైటు చేసిన పని అంతే. గాలి, మధ్యలో ఆగడం, పక్క దారులు ఏవీ అందులో లేవు. అసలు ఆ 17 గంటల విమానమే లేదు. హైదరాబాద్ నుంచి అమెరికాలో ఏ ఊరికీ ఇప్పుడు నాన్‌స్టాప్ నడవడం లేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్-షికాగో నాన్‌స్టాప్ మొదలుపెట్టింది, వారానికి ఒకటి, బోయింగ్ 777-200ఎల్‌ఆర్‌తో. ఆ దూరం సుమారు 13,280 కి.మీ. తర్వాత అది ఆగిపోయింది. డల్లాస్ దానికన్నా ఇంకో 1,100 కి.మీ. దూరం. అంత దూరం ఎగిరే విమానాలు లోకంలో లేవని కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్ 15,300 కి.మీ. పైచిలుకు, రోజూ ఎగురుతున్నారు. దానికోసం ఎయిర్‌బస్ ఎ350లో ప్రత్యేక రకం కొని, సీట్లు బాగా తగ్గించి, ఎకానమీ క్లాసే లేకుండా నడుపుతున్నారు. సెలవులకు పిల్లల దగ్గరికి పోయే అమ్మానాన్నలతో నిండే రూటుకు ఆ లెక్క గిట్టుబాటు కాదు.

ఇక్కడే ఒక మాట తేడా గమనించండి. మనవాళ్లు ‘డైరెక్ట్ ఫ్లైట్’ అనేది నాన్‌స్టాప్ అన్న అర్థంలో. టికెట్ల భాషలో డైరెక్ట్ అంటే ఫ్లైట్ నంబరు మారదని మాత్రమే. మధ్యలో దిగొచ్చు, ఒక్కోసారి విమానమే మారొచ్చు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ భారతీయ విమానాలకు తన గగనతలం మూసేశాక, ఢిల్లీ నుంచి అమెరికా పోయే కొన్ని ‘నాన్‌స్టాప్’లు ఇంధనం కోసం వియన్నాలో దిగి లేవాల్సి వచ్చింది. కాబట్టి ఏజెంటును ‘డైరెక్టేనా’ అని అడక్కండి. ‘మధ్యలో ఎక్కడన్నా నేల మీద దిగుతుందా’ అని అడగండి.

మరి నిజంగా ఎగిరే దూరం ఎంత? దోహా మీదుగా అయితే హైదరాబాద్-దోహా సుమారు 2,910, దోహా-డల్లాస్ 12,740, కలిపి 15,650 కి.మీ. దుబాయ్ మీదుగా 2,550, 12,920, కలిపి 15,470. లండన్ మీదుగా 7,750, 7,630, కలిపి 15,380. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 7,120, 8,260, కలిపి అదీ 15,380. తూర్పుగా హాంకాంగ్ మీదుగా పోతే 16,800 అవుతుంది. నాలుగు పడమటి దారుల మధ్య తేడా 300 కి.మీ. లోపే, అంటే విమానానికి ఇరవై నిమిషాలు. దూరం చూసి దారి ఎంచుకోవడంలో అర్థం లేదని దీన్నిబట్టే తెలుస్తుంది. ప్రయాణాన్ని ఎక్కడ విరుస్తున్నారు, అక్కడ ఎంతసేపు ఆపుతున్నారు, తేడా అక్కడుంది. పైన చెప్పినవి గోళం మీది కొలతలు. అసలు దారి రోజురోజుకూ మారుతుంది. ఏ దేశం గగనతలం మూసి ఉంది, గాలి ఎటుంది, గుంపులుగా మేఘాలెక్కడున్నాయి అన్నదాన్నిబట్టి ప్రతి విమానానికీ ఏ రోజుకారోజు దారి గీస్తారు. 2022 ఫిబ్రవరి తర్వాత రష్యా మీదుగా యూరప్, అమెరికా కంపెనీలు ఎగరడం లేదు, గల్ఫ్ కంపెనీలు ఎగురుతున్నాయి. అదొక తేడా.

గంటలకు వద్దాం. దోహా దారిలో మొదటి ముక్క సుమారు 4:15 గంటలు, రెండోది సుమారు 16:15. పోయేటప్పుడు 12,740 కి.మీ.కి 16:15 పడుతుంది, అదే దారి వచ్చేటప్పుడు 14:45 దాకా పడుతుంది. గంటన్నర తేడా ఎందుకంటే, 30,000 నుంచి 40,000 అడుగుల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి నది ఒకటి పారుతూ ఉంటుంది. చలికాలంలో దాని వేగం గంటకు 200 కి.మీ. దాటడం మామూలే. విమానం తన చుట్టూ ఉన్న గాలిలో గంటకు 900 కి.మీ. ఎగురుతుంది, అది మారదు. ఎదురుగాలి 80 అయితే నేల మీద లెక్కకు 820, వెనకగాలి 80 అయితే 980. గోదావరిలో పడవ ఎదురెక్కడం, వాలున పోవడం లాంటిదే. అందుకే డిసెంబర్, జనవరిలో పోయేటప్పుడు ఆలస్యం, వచ్చేటప్పుడు ముందే దిగడం ఎక్కువ చూస్తారు.

టికెట్ మీది గంటల్లో విమానం నేల మీద కదిలే సమయం కూడా కలిసే ఉంటుంది. గేటు దగ్గర కదిలిన క్షణం నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా లెక్క. అందులో గాల్లో ఉండేది అరగంట తక్కువ. కంపెనీలు కొంచెం అదనంగా వేసుకుంటాయి కూడా. పావుగంట ఆలస్యంగా లేచి సమయానికే దిగేది అందుకే.

ఇప్పుడు గడియారం. టికెట్ మీద ముద్రించే ప్రతి టైమూ ఆ ఊరి టైమే. హైదరాబాద్ ప్రపంచ సమయానికి ఐదున్నర గంటలు ముందు, దోహా మూడు గంటలు ముందు, డల్లాస్ చలికాలంలో ఆరు, వేసవిలో ఐదు గంటలు వెనక. అంటే మనకూ డల్లాస్‌కూ తేడా చలికాలంలో 11:30, వేసవిలో 10:30. ఆ మార్పు మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం జరుగుతుంది. యూరప్‌లో గడియారాలు మార్చేది మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబర్ ఆఖరి ఆదివారం. కాబట్టి మార్చిలో రెండు మూడు వారాలు, నవంబర్ ముందు ఒక వారం లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ కనెక్షన్ల టైములు గంట అటూ ఇటూ జరుగుతాయి. అప్పుడు ప్రయాణమైతే వారం ముందు టికెట్ మళ్లీ తెరిచి చూసుకోండి. గల్ఫ్‌లో గడియారాలు మార్చరు.

మీ టికెట్‌నే విడదీద్దాం. మంగళవారం హైదరాబాద్‌లో ఉదయం 4:00కు కదులుతుంది. 4:15 గంటలు ఎగిరితే మన టైము 8:15, దోహా రెండున్నర గంటలు వెనక కాబట్టి అక్కడ 5:45. దోహాలో 2:30 గంటల ఆగుడు, 8:15కు రెండో విమానం. 16:15 గంటలు ఎగిరితే దోహాలో అర్ధరాత్రి దాటి 12:30, డల్లాస్ వేసవిలో దానికి ఎనిమిది గంటలు వెనక, అంటే మంగళవారం సాయంత్రం 4:30. నాలుగుంపావు, రెండున్నర, పదహారుంపావు కలిపితే 23. సరిచూసుకోవడం తేలిక: గడియారంలో కనిపించే తేడా పన్నెండున్నర, దానికి రెండూళ్ల తేడా పదిన్నర కలపండి, 23. పడమరకు పోయేటప్పుడు కలపాలి, తూర్పుకు వచ్చేటప్పుడు తీసేయాలి. అమ్మగారు డల్లాస్‌లో దిగేసరికి హైదరాబాద్‌లో బుధవారం తెల్లవారుజాము మూడు గంటలు. ఇంట్లో నాన్నగారు ఫోన్ కోసం మేలుకుని ఉంటే ఆ టైము చెప్పి పడుకోమనండి.

నోటిలెక్కకు ఒక చిట్కా. చలికాలంలో మన టైముకు అరగంట కలిపి, పగలుంటే రాత్రి, రాత్రుంటే పగలు చేయండి. ఇక్కడ ఉదయం 7:00 అంటే అక్కడ ముందురోజు రాత్రి 7:30. వేసవిలో గంటన్నర కలపండి, 8:30.

మీ టికెట్‌లో నాకు నచ్చనిది ఆ రెండున్నర గంటల ఆగుడు. కాగితం మీద బాగానే కనిపిస్తుంది. వీల్‌చైర్ పెట్టారనుకుందాం, మోకాళ్ల నొప్పికి పెట్టడమే మంచిది, ప్రయాణానికి కనీసం 48 గంటల ముందు కంపెనీకి చెప్పాలి. 5:45కు విమానం ఆగితే తలుపులు తెరవడానికి పది నిమిషాలు. వీల్‌చైర్ వాళ్లను అందరూ దిగాక దింపుతారు, మనిషి వచ్చి తీసుకుపోవడానికి ఇంకో ఇరవై ఐదు. ట్రాన్స్‌ఫర్ సెక్యూరిటీ తనిఖీకి ఇరవై ఐదు. అక్కడినుంచి గేటుకు ఇరవై. అప్పటికి 7:05. అమెరికా విమానాలకు గేటు దగ్గర మళ్లీ పాస్‌పోర్ట్, వీసా చూస్తారు, కొందరి సంచులు విప్పిస్తారు, కాబట్టి బోర్డింగ్ గంట ముందే మొదలవుతుంది. గేటు 7:55 ప్రాంతంలో మూసేస్తారు. అంటే చేతిలో మిగిలింది 50 నిమిషాలు. శంషాబాద్‌లో విమానం గంట ఆలస్యంగా లేచిందా, కనెక్షన్ పోయినట్టే. తర్వాతి డల్లాస్ విమానం మరునాడే కావచ్చు.

అందుకే పెద్దవాళ్లు ఒక్కరే వచ్చేటప్పుడు మూడు నుంచి నాలుగు గంటల ఆగుడు ఉన్నదే తీసుకోండి. ఆరు దాటితే మళ్లీ వేరే కష్టం, కుర్చీలో కూర్చునే కాళ్లు వాస్తాయి. గంటన్నర కనెక్షన్‌ను సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది, ఎందుకంటే ఆ విమానాశ్రయానికి పెట్టిన కనీస కనెక్షన్ సమయానికి అది సరిపోతుంది. కుర్రవాళ్లు పరిగెత్తి పట్టుకుంటారు, అమ్మగారు పట్టుకోలేరు.

రెండు ముక్కలూ ఒకే టికెట్, ఒకే బుకింగ్ నంబరు మీద ఉండాలన్నది ఇంకా ముఖ్యం. ఒకటే అయితే కనెక్షన్ తప్పినా కంపెనీయే తర్వాతి విమానంలో ఎక్కిస్తుంది. నాలుగు వేలు మిగులుతాయని హైదరాబాద్-ముంబై విడిగా, ముంబై-అమెరికా విడిగా కొంటే, మొదటిది ఆలస్యమైనందుకు రెండో కంపెనీకి పట్టింపు లేదు. టికెట్ పోతుంది. లగేజీ కూడా మధ్యలో తీసుకుని మళ్లీ వేయాలి. డిసెంబర్ సగం నుంచి జనవరి ఆఖరు దాకా ఢిల్లీలో మారే టికెట్ వద్దు, పొగమంచుకు తెల్లవారుజాము విమానాలు గంటల తరబడి నిలిచిపోతాయి. డల్లాస్ వైపు ఇబ్బంది వసంతంలో. మార్చి నుంచి జూన్ దాకా ఉరుములు, వడగళ్ల వానకు దిగాల్సిన విమానాలను ఆకాశంలో తిప్పడం, పక్క ఊరికి పంపడం ఉంటుంది. గల్ఫ్ దారికి తనదైన ప్రమాదం ఒకటుంది: 2025 జూన్ 23న ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసేస్తే వేలమంది ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ప్రయాణానికి ముందు వారం వార్తలు చూడండి.

గల్ఫా, యూరపా? గల్ఫ్ దారిలో విరుపు 4 గంటలు, 16 గంటలు. యూరప్‌లో దాదాపు 10, 10. మోకాళ్లకు, షుగరుకు చూస్తే పది పదే మేలు, సగంలో లేచి నడవొచ్చు. కానీ ఇంగ్లీషు రాని మనిషి ఒక్కరే వస్తుంటే నేను గల్ఫే చెప్తాను. మన ఊరి నుంచి పోయే విమానంలో సగంమంది తెలుగువాళ్లే ఉంటారు, దోహాలో గేటు దగ్గర ఎవరో ఒకరు ‘అమ్మా, డల్లాసేనా?’ అని పలకరిస్తారు. లండన్‌లో టెర్మినల్ మారాల్సి వస్తే బస్సు ఎక్కాలి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో నడక ఎక్కువ. ఇంకోటి: అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే పోయేటప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ట్రాన్సిట్ వీసా అక్కర్లేదు. అమెరికాలో ఉండే గడువు పొడిగించుకుని, పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపు గడువు తీరాక తిరిగొస్తే మాత్రం యూరప్ దారి ఎంచుకునే ముందు అప్పటి ట్రాన్సిట్ నిబంధన చూసుకోవాలి. దోహా, దుబాయ్‌లలో విమానాశ్రయం లోపలే మారితే ఆ చిక్కు లేదు.

అబూదాబీ దారిలో ఒక సౌకర్యముంది. అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే, విమానం ఎక్కకముందే అయిపోతుంది, అమెరికాలో స్వదేశీ ప్రయాణికుల్లాగా దిగిపోవచ్చు. అక్కడినుంచి డల్లాస్‌కు నేరుగా కాకుండా షికాగోలో మారే టికెట్ అయినా ఆ కారణంగా కొంత నయం. వేరే దారుల్లో అమెరికాలో మొదట దిగే ఊళ్లోనే ఇమిగ్రేషన్, అక్కడే లగేజీ తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ బెల్టు మీద వేయాలి. రెండు గంటల కనెక్షన్ దానికి ఏ మూలకూ చాలదు. ఒంటరిగా వచ్చే పెద్దవాళ్లకు ఆ మార్పు వద్దు. మీ టికెట్ దోహా నుంచి నేరుగా డల్లాస్‌కే కాబట్టి ఆ బెడద లేదు.

ఇప్పుడు ఆ 30 గంటల లెక్క. కూకట్‌పల్లి నుంచి ఔటర్ మీదుగా శంషాబాద్ నలభై కి.మీ. పైచిలుకు, రాత్రిపూట గంటంపావు వేసుకోండి. విమానాశ్రయంలో మూడున్నర గంటలు. విమానాలూ దోహా కలిపి 23. డల్లాస్‌లో ఇమిగ్రేషన్, లగేజీ, కస్టమ్స్‌కు గంటన్నర. అక్కడినుంచి డల్లాస్ శివారు ఫ్రిస్కోలో ఇంటికి ముప్పావు గంట. మొత్తం 30.

వెనక్కి లెక్కేస్తే, మంగళవారం ఉదయం 4:00 విమానానికి ఇల్లు దాటాల్సింది సోమవారం రాత్రి 11:15కు. అందరూ బోల్తా పడేది ఇక్కడే. అర్ధరాత్రి దాటాక ఉండే టికెట్లు మరీ మోసం: టికెట్ మీద 15వ తేదీ 00:40 అని ఉంటే విమానాశ్రయానికి పోవాల్సింది 14 రాత్రి తొమ్మిదిన్నరకల్లా. 15 రాత్రి భోంచేసి తీరిగ్గా పోతే విమానం వెళ్లి ఒక రోజు అయి ఉంటుంది. క్యాలెండర్ మీద విమానం టైము రాయకండి, ఇల్లు కదిలే టైము రాయండి. కౌంటరు సాధారణంగా విమానానికి గంట ముందు మూసేస్తారు, కొన్ని కంపెనీలు అమెరికా విమానాలకు ఇంకా ముందే. మెహదీపట్నం వైపు నుంచైతే 11.6 కి.మీ. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ఆరాంఘర్‌లో దిగితే సరి, సిగ్నళ్లుండవు. పంపడానికి మూడు కార్ల జనం వస్తే పైన డిపార్చర్ ర్యాంపు మీదే ఇరవై నిమిషాలు పోతాయి, వీడ్కోలు ఇంట్లోనే చెప్పుకోండి.

కౌంటరులో రెండు బోర్డింగ్ పాసులూ హైదరాబాద్‌లోనే ఇచ్చారో లేదో చూసుకోమనండి. సూట్‌కేసుకు కట్టిన ట్యాగు మీద పెద్దక్షరాల్లో డీఎఫ్‌డబ్ల్యూ అనే కోడ్ ఉండాలి. దోహా కోడ్ ఉంటే అక్కడే అడిగి మార్పించాలి. పెట్టెలో ఎండు కొబ్బరి వద్దు. నూనె ఎక్కువుండి వేడికి తనంతట తానే రాజుకునే సరుకు కింద లెక్క, స్కానింగ్‌లో పట్టుకుని పెట్టె విప్పిస్తారు, అర్ధగంట పోతుంది. పవర్ బ్యాంక్ పెట్టెలో కాదు, చేతి సంచిలో. ఆవకాయ, నెయ్యి చేతి సంచిలో కాదు, పెట్టెలో.

డల్లాస్‌లో ఆ గంటన్నరను రెండున్నర చేసేది కూడా తిండి సరుకే. మాంసం పచ్చళ్లు, పండ్లు, విత్తనాలు, పచ్చి కరివేపాకు పనికిరావు. కరివేపాకు మీద నిమ్మజాతి చెట్లను పాడుచేసే పురుగు వస్తుందని ఆపుతారు. ఆవకాయ, పొడులు, పిండివంటలు మామూలుగా పోనిస్తారు. ఆహారం ఉందా అని అడిగితే ఉందనే చెప్పాలి. లేదని చెప్పి దొరికితే జరిమానా, ఆలస్యం రెండూ. మీ చిరునామా, ఫోన్ నంబరు, తిరుగు టికెట్ కాగితం మీద ముద్రించి పాస్‌పోర్ట్‌తో పాటు పెట్టండి. ఫోన్ ఛార్జింగ్ అయిపోయినా కాగితం ఉంటుంది.

మందుల విషయంలో చేతి గడియారాన్ని ప్రయాణమంతా హైదరాబాద్ టైములోనే ఉంచమనండి, మాత్రలు దాని ప్రకారమే వేసుకుంటే లెక్క తప్పదు. గేటు టైము మాత్రం విమానాశ్రయం గోడ మీది బోర్డు చూసే. ఫోన్ నెట్‌వర్క్ దొరక్కపోతే పాత టైమే చూపిస్తూ ఉంటుంది: దోహాలో 7:15 బోర్డింగ్ అనుకుంటే ఫోన్‌లో 9:45 కనిపించి గుండె జారిపోతుంది. ఇన్సులిన్ తీసుకునేవారైతే ఆ రోజు పదిన్నర గంటలు పొడుగవుతుంది కాబట్టి మోతాదులు డాక్టరుతో ముందే రాయించుకోవాలి. ఇన్సులిన్ ఎప్పుడూ చేతి సంచిలోనే, కింద సరుకు గదిలో గడ్డకట్టే అవకాశం ఉంది. నడవ పక్క సీటు, గంటన్నరకోసారి లేచి నాలుగడుగులు, నీళ్లు. పదహారు గంటల ముక్కలో ఇవి మానితే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. దిగాక వారం పది రోజులు అర్ధరాత్రి మెలకువ వస్తుంది, అది రోగం కాదు. పొద్దున ఎండలో నడిపించండి, మధ్యాహ్నం పూట నిద్ర ఆపించండి.

తిరుగు ప్రయాణంలో తేదీ రెండు రోజులు దూకుతుంది. మంగళవారం సాయంత్రం 7:00కు డల్లాస్‌లో ఎక్కితే 14:45 గంటలకు దోహా, అక్కడ బుధవారం సాయంత్రం 5:45. రెండున్నర గంటల తర్వాత 8:15కు రెండో విమానం, సుమారు 3:50 గంటలు, హైదరాబాద్‌లో దిగేది గురువారం తెల్లవారుజాము 2:35. గడియారంలో తేడా 31:35, పదిన్నర తీసేస్తే 21:05 గంటలు. పోయేటప్పటికన్నా రెండు గంటలు తక్కువ, గాలి పుణ్యమా అని. కాబట్టి నాన్నగారు కారు తీసుకుని బయల్దేరాల్సింది బుధవారం రాత్రి ఒంటిగంటన్నరకు, అంటే క్యాలెండర్‌లో గురువారం 1:30. వీల్‌చైర్, ఇమిగ్రేషన్, బెల్టు అయ్యి అమ్మగారు బయటికొచ్చేసరికి ఎలాగూ మూడున్నర దాటుతుంది.